అటక మీది ట్రంకు పెట్టెని డిజిటల్ చేసి దాచుకోవడం ఎలా

చాలా ఇళ్ళల్లో అటక మీద ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో తాతల నాటి ఫోటోలు, ఇన్‌లాండ్ లెటర్లు, దస్తావేజులు, శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, ఎవరో పాడిన క్యాసెట్లు, అదృష్టం ఉంటే ఒక తాటాకు కట్ట కూడా ఉంటాయి. తెనాలి దగ్గర మా ఊరి ఇల్లు ఖాళీ చేసినప్పుడు అలాంటి పెట్టె ఒకటి విజయవాడ వచ్చింది, పదేళ్ళు ఎవరూ మూత తీయలేదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిపోయినప్పుడు మా పిన్ని వాళ్ళింట్లో బీరువా కింది అరలో ఉన్న ఆల్బమ్‌లు మూడు రోజులు నీళ్ళల్లోనే ఉండిపోయాయి, పడవలో బయటికొచ్చిన మనుషులు ఫోటోల గురించి ఏం ఆలోచిస్తారు చెప్పండి. తర్వాత అవి తెరిచి చూస్తే పేజీకి పేజీ అంటుకుపోయి మా పిన్ని పెళ్ళి ఫోటోల్లో మొహాలే లేవు. ఆ వారమే మా పెట్టె కిందికి దించాను. రెండేళ్ళుగా చేస్తూ చేస్తూ నేర్చుకున్నది, చేసిన తప్పులతో సహా, ఇక్కడ రాస్తున్నా.

స్కానర్ కొనకముందు మనుషుల్ని పట్టుకోండి

అందరూ ముందు ఏ స్కానర్ కొనాలి అని అడుగుతారు. స్కానర్ వచ్చే నెల కొన్నా పర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ ఆదివారమే వాళ్ళ పక్కన కూర్చోండి. పేరు లేని ఫోటోని ఎంత బాగా స్కాన్ చేసినా అందులో ఉన్నది ఎవరో ముక్కూ మొహం తెలీని మనుషులే కదా.

ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి, ముందు వాళ్ళకి చెప్పి ఆన్ చేయండి, ఒక్కో ఫోటో చేతికిచ్చి అడగండి. ఫోటో నంబరు పైకి చదవడం మర్చిపోవద్దు, లేకపోతే తర్వాత వింటున్నప్పుడు ఏ ఫోటో గురించి మాట్లాడుతున్నారో తెలీదు. "ఇది ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరికీ గుర్తు రాదు, ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నా. వాళ్ళకి గుర్తున్న సంగతులతో ముడిపెట్టి అడగాలి. ఉప్పెనకి ముందా తర్వాతా? (దివిసీమ ఉప్పెన 1977 నవంబర్.) అప్పటికి కృష్ణ మీద ఇప్పటి బ్యారేజీ వచ్చిందా? (ప్రకాశం బ్యారేజీ 1957.) పుష్కరాలకి ఎన్నాళ్ళ ముందు? (1980, 1992, 2004, 2016.)

మా పెట్టెలో ఒక నలుపు తెలుపు స్టూడియో ఫోటో ఉంది, నలుగురు ఆడవాళ్ళు, ఒకావిడ చంకలో పిల్ల, వెనక తెర మీద మేడా మెట్లూ బొమ్మ. నేనేమో ఎవరిదో పెళ్ళి అని రాసేశా. నాయనమ్మకి చూపిస్తే కళ్ళజోడు పైకెత్తి ఫోటోని మొహానికి దగ్గరగా పెట్టుకొని, "పెళ్ళేందిరా, పుష్కరాలకి బెజవాడ వచ్చినప్పుడు దిగాం. చూడు, నా జుట్టు ఇంకా తడిగానే ఉంది" అంది. అప్పుడు చూశా, నలుగురివీ జుట్లు విరబోసి చివర ముడేసుకొని ఉన్నాయి. "చంకలో ఉంది మీ చిన్నత్త, ఏడుస్తుంటే బిస్కెట్ కొనిచ్చాం" అంది. చిన్నత్త చెయ్యి పెద్దగా చేసి చూస్తే బిస్కెట్ ఉంది! చిన్నత్త పుట్టిన ఏడాది ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి అవి 1980 పుష్కరాలే అని తేలిపోయింది. ఏ సాఫ్ట్‌వేరూ ఇది చెప్పలేదు.

పెట్టె తెరిచాక

ఎండలో వద్దు, ఫ్యాన్ కింద వద్దు. నేల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచి, చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకొని కూర్చోండి. కాగితాలకి గ్లోవ్స్ కంటే శుభ్రమైన పొడి చేతులే మంచివి, గ్లోవ్స్ ఉంటే అంచు తెలీక చింపేస్తాం. ఫోటోలకి, నెగెటివ్‌లకి మాత్రం గ్లోవ్స్ వేసుకోండి, వేలి జిడ్డు అచ్చు పడిపోతుంది.

వరస చెడగొట్టకండి. ఒక కట్టలో ఉత్తరాలు ఒకదాని మీద ఒకటి ఎలా ఉన్నాయో అదే ఒక సమాచారం, ఎవరో కావాలని అలా పెట్టి ఉంటారు. విప్పేముందే ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. తుప్పు పట్టిన గుండుసూదులు, స్టాప్లర్ పిన్నులు మెల్లగా తీసేయండి, లాగొద్దు, వెనకవైపు కాళ్ళు గోటితో పైకి లేపి అప్పుడు తీయాలి. దుమ్ముకి మెత్తటి పెయింట్ బ్రష్ చాలు, కొత్తది కొనండి, మధ్య నుంచి అంచులవైపు ఊడ్చండి. తడిగుడ్డ పెట్టకండి.

పెట్టెలో కలరా ఉండలు ఉంటే తీసిపారేయండి. వాటి గాలి మనకే మంచిది కాదు, ఇక ఫోటోల పక్కన ఎందుకు. చెదపట్టిన కట్ట కనిపిస్తే మిగతా వాటి నుంచి వెంటనే వేరుచేసి ప్లాస్టిక్ కవర్లో కట్టేసి దూరంగా పెట్టండి, దాన్ని చూసే పని ఆఖరున.

ఇప్పుడు, ఈ పెట్టె దించకముందెప్పుడో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా తాతయ్య 1948లో నాయనమ్మకి రాసిన ఉత్తరం ఒకటుండేది, మడతల దగ్గర చిరుగుతోందని గుంటూరులో ఒక జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించా. అప్పుడు మెరిసిపోతూ బానే ఉంది. ఆరేళ్ళయ్యాక చూస్తే ప్లాస్టిక్ పసుపెక్కింది, ఒక మూల గాలి చేరి లోపల మచ్చ పడింది, దాన్ని ఊడదీద్దామంటే కాగితం కూడా పొరలుగా వచ్చేస్తుంది. వేడితో అంటించిన ప్లాస్టిక్‌ని ఇంట్లో వెనక్కి తీయలేం. లామినేషన్ వద్దండి, దయచేసి. సెల్లో టేపు కూడా వద్దు, దాని గమ్ము కాగితంలోకి ఇంకి గోధుమరంగు చారలా మిగిలిపోతుంది. చిరిగిన కాగితాన్ని అలాగే ఒక పారదర్శక కవర్లో పెట్టి స్కాన్ చేసుకోండి, అతికించే పని తెలిసినవాళ్ళ కోసం వదిలేయండి.

తడిసిపోయి ఉంటే

ఇది విజయవాడ వాళ్ళకి ప్రత్యేకంగా. నీళ్ళల్లో నానిన కాగితానికి బూజు పట్టడానికి 48 గంటలు చాలు, అందుకే ముందు తొందర ఇక్కడే. అంటుకున్న పేజీల్ని బలవంతంగా విడదీయొద్దు. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. విడిగా ఉన్న కాగితాలు అయితే టిష్యూ పేపర్ల మధ్య పరిచి, గదిలో గాలి ఆడేలా ఫ్యాన్ పెట్టి (నేరుగా వాటి మీదకి కాదు) టిష్యూలు మారుస్తూ ఉండండి. న్యూస్ పేపర్ పెట్టకండి, ఇంకు అంటుతుంది. స్టూడియో ఫోటోలు బురదలో ఉంటే చల్లటి మంచినీళ్ళల్లో మెల్లగా జాడించి, బొమ్మ పైకి ఉండేలా విడివిడిగా ఆరబెట్టండి.

మరీ ఎక్కువ ఉండి ఒక్కరోజులో చేయలేకపోతే, కాగితాల్నీ పుస్తకాల్నీ జిప్ కవర్లలో పెట్టి ఫ్రిజ్ పైన డీప్ ఫ్రీజర్లో పెట్టేయండి. విచిత్రంగా అనిపిస్తుంది కానీ గడ్డకట్టిపోయిన దానికి బూజు పెరగదు, మీకు వారాలు కాదు నెలలు టైం దొరుకుతుంది, తర్వాత కొంచెం కొంచెంగా తీసి ఆరబెట్టుకోవచ్చు. ఆ సెప్టెంబర్లో మా పిన్నికి ఈ మాట చెప్పేవాళ్ళు లేరు, కరెంటు కూడా లేదులెండి.

స్కానింగ్

మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ చాలు, ఇంట్లో ప్రింటర్ పైన ఉండేది కూడా పనికొస్తుంది. రాత కాగితాలకి 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క), ఫోటోలకి 600 డీపీఐ, 35 ఎంఎం నెగెటివ్‌లకి కనీసం 3000, దానికి వెనక నుంచి లైటు వచ్చే స్కానర్ కావాలి. అన్నీ కలర్‌లోనే తీయండి, నలుపు తెలుపు ఫోటోలు కూడా. పాత కాగితం పసుపు రంగూ, వెనక పెన్సిల్ రాతా, పోస్టాఫీసు ముద్రా అన్నీ కలర్‌లోనే తెలుస్తాయి.

సేవ్ చేసేటప్పుడు టిఫ్ ఫార్మాట్ ఎంచుకోండి. జేపెగ్ అయితే సైజు తగ్గించడానికి కొంత వివరం పారేస్తుంది, ఎడిట్ చేసి సేవ్ చేసినప్పుడల్లా ఇంకొంచెం పోతుంది. టిఫ్ బరువెక్కువ, ఏ4 కాగితం 300 డీపీఐ కలర్‌లో తీస్తే 26 ఎంబీ దాకా వస్తుంది, అదే 600లో అయితే 104 ఎంబీ. భయపడకండి, 300 పేజీల కట్ట 8 జీబీ లోపే, ఈ రోజుల్లో హార్డ్ డిస్క్‌కి అదేమంత లెక్క కాదు. టిఫ్‌ని అసలుగా దాచిపెట్టి, వాట్సాప్‌లో పంపడానికి దాని నుంచి జేపెగ్ కాపీ చేసుకోండి. అసలు మీద ఎప్పుడూ ఎడిట్ చేయొద్దు. ఇంకో మాట, వాట్సాప్‌లో మామూలుగా ఫోటోలా పంపింది బాగా కుదించిపోయి వెళ్తుంది, దాన్ని మళ్ళీ డౌన్‌లోడ్ చేసి అదే భద్రపరిచాం అనుకోకండి. ఫ్యామిలీ గ్రూపులో చాలామంది ఇలాగే అనుకొని ఒరిజినల్ పారేసినవాళ్ళున్నారు.

వెనకవైపు కూడా స్కాన్ చేయండి. ఫోటో వెనక స్టూడియో ముద్ర, ఊరు, ఎవరిదో రాత, అప్పు లెక్క, ఏదైనా ఉండొచ్చు.

స్కానర్ లేకపోతే ఫోన్ చాలు కానీ పద్ధతి ఉంది. కిటికీ పక్కన నీడలో, ఎండ నేరుగా పడకుండా, కాగితాన్ని బల్ల మీద పరిచి ఫోన్ సరిగ్గా దానికి సమాంతరంగా పైన నిలిపి (రెండు స్టూళ్ళ మీద ఒక చెక్క అడ్డంగా పెట్టి దాని అంచున ఫోన్ కట్టినా సరే) ఫ్లాష్ ఆపేసి, టైమర్ పెట్టి తీయండి. పక్కన స్కేలు ఒకటి పెడితే అసలు సైజు ఎంతో తర్వాత తెలుస్తుంది. స్కానింగ్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా మెరిపించే ఫిల్టర్ వాటంతట అవే వేస్తాయి, పెన్సిల్ రాతంతా అక్కడే ఎగిరిపోతుంది, ఆ ఫిల్టర్ ఆపేయండి.

బైండు పుస్తకాన్ని స్కానర్ మీద బోర్లించి నొక్కకండి, వెన్ను విరుగుతుంది. సగం తెరిచి, రెండు వైపులా దిండ్లు ఎత్తుపెట్టి పైనుంచి ఫోటో తీయడమే మేలు.

తాటాకులు

తాటాకు కట్ట ఉంటే దానికి వేరే మర్యాద. స్కానర్ గ్లాసు కింద పెట్టి మూత వేయొద్దు, ఎండిపోయిన ఆకు పుటుక్కున విరుగుతుంది. తాడు విప్పేముందు కట్టని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ఆకుల అంచున తెలుగు అంకెలు ౧, ౨, ౩ అని ఉంటాయేమో చూడండి, వరస అవే చెబుతాయి. ముదురు రంగు గుడ్డ మీద ఒక్కో ఆకు పెట్టి రెండు వైపులా తీయాలి.

గంటంతో గీసి రాసిన అక్షరం కొన్నిచోట్ల మసి పోయి కనపడదు. మన పెద్దవాళ్ళు దీపపు మసి, పసరు రాసి మళ్ళీ నలుపు చేసేవాళ్ళు. మనం ఇంట్లో ఆ ప్రయోగం చేయొద్దు. దానికి బదులు గది చీకటి చేసి, టార్చిలైటు ఆకుకి ఒక పక్క నుంచి, దాదాపు బల్లకి ఆనించి వేయండి, గీతల్లో నీడ పడి అక్షరాలు లేచొస్తాయి. మొదటిసారి అలా చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఒట్టి ఆకు అనుకున్నదాని మీద వరసగా అక్షరాలు.

తాటాకులకి చేసే సంరక్షణ, నిమ్మగడ్డి నూనె పూయడం లాంటివి, తెలిసినవాళ్ళ చేతిమీదే జరగాలి. కేంద్ర ప్రభుత్వం 2003లో జాతీయ వ్రాతప్రతుల మిషన్ మొదలుపెట్టింది, ఇలాంటి పని మీదే. ఇంకోటి, 75 ఏళ్ళు దాటిన, చరిత్ర విలువో సాహిత్య విలువో ఉన్న వ్రాతప్రతి 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందకి వస్తుంది, ఎవరో వచ్చి మంచి రేటిస్తాం, విదేశాలకి పంపుతాం అంటే ఇవ్వకండి, అలా దేశం దాటించడం నేరం.

క్యాసెట్లు

హరికథలు, బుర్రకథలు, అమ్మమ్మ మంగళహారతులు, ఊళ్ళో పౌరాణిక నాటకం పద్యాలు, ఇవన్నీ ఇంట్లో రికార్డ్ చేసుకున్న టేపులు. వీటికి కాగితం కంటే ఎక్కువ తొందర, టేపూ పాడవుతుంది, దాన్ని వాయించే మిషనూ దొరకదు. ముందు క్యాసెట్ పైన ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని విరిచేయండి, పొరపాటున దాని మీద మళ్ళీ రికార్డ్ కాకుండా. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే అసలు వాయించకండి, డెక్ (క్యాసెట్ వాయించే మిషన్) కూడా పాడవుతుంది. బాగుంటే ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, డెక్ హెడ్డు శుభ్రం చేసి, లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కి వైరు కలిపి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేయండి. వేవ్ ఫార్మాట్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. గంటకి 1 జీబీ అవుతుంది. ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు. దగ్గులూ, కుక్క అరుపులూ, మధ్యలో "కాఫీ తాగుతావా" అన్న మాటా కోసేయకండి.

నెగెటివ్‌ల డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ పాడైపోవడం మొదలైనట్టే, దాన్ని మిగతా వాటి నుంచి వేరుచేసి అన్నిటికంటే ముందు స్కాన్ చేయండి.

పేర్లు, జాబితా

ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఇవ్వండి. వెనక మూలలో మెత్తటి పెన్సిల్‌తో చిన్నగా రాయండి, పెన్నుతో కాదు. అదే నంబరు ఫైలు పేరులో ఉండాలి. ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి, తెలుగులో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో డబ్బాలు డబ్బాలుగా మారిపోతాయి. ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత పెట్టె నంబరు, తర్వాత వస్తువు నంబరు, ముందువైపా వెనకవైపా. తేదీ తెలీకపోతే సున్నాలు పెట్టండి, ఊహించి రాయకండి.

ఇక ఎక్సెల్ షీటులో తెలుగులోనే హాయిగా రాసుకోండి, ఏమిటి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఈ సంగతి ఎవరు చెప్పారు, ఒరిజినల్ ఎక్కడుంది. "ఎవరు చెప్పారు" అన్న గడి చాలా ముఖ్యం. మా ఫోటో ఒకదానికి నాయనమ్మ ఒక పేరు చెప్పింది, పెదనాన్న ఇంకో పేరు చెప్పాడు, రెండూ రాశా.

పాత ఉత్తరాల్లో శ్రీముఖ నామ సంవత్సరం అని ఉంటే అది 1933-34 కావచ్చు, అరవై ఏళ్ళ తర్వాత 1993-94 కూడా కావచ్చు, స్టాంపూ కాగితమూ చూసి ఏదో తేల్చుకోవాలి. భూమి కాగితాల్లో ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటుంది, దానికి 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940 జులై నుంచి 1941 జూన్.

అచ్చు పుస్తకాలైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు టెక్స్ట్‌గా మారతాయి, టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. కానీ అరసున్నలు, బండిరలు, పాత అచ్చు ఒత్తులు ఉన్నచోట తప్పులు బాగా వస్తాయి, కూర్చొని దిద్దుకోవాల్సిందే. చేతిరాత అయితే మీరే టైపు చేయండి, ఆశ పెట్టుకోకండి.

ఎక్కడ దాచాలి

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట. ఒక హార్డ్ డిస్క్ మీ దగ్గర, ఇంకోటి గుంటూరులో అక్క దగ్గరో హైదరాబాద్‌లో తమ్ముడి దగ్గరో, మూడోది క్లౌడ్‌లో. రెండు డిస్కులూ ఒకే బీరువాలో పెడితే అవి రెండు కాపీలు కాదు, బుడమేరుకి ఒక్కటే. పెన్‌డ్రైవ్, సీడీ లెక్కలోకి తీసుకోకండి.

డిస్కు పెట్టేసి మర్చిపోతే లోపల ఏమైందో ఎవరికీ తెలీదు. ఎస్‌హెచ్‌ఏ 256 అని ఒక లెక్క ఉంటుంది, ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అన్ని ఫైళ్ళ ముద్రలూ తీసి దాచుకొని ఏడాదికోసారి పోల్చండి. మా ఇంట్లో దీనికి మూలా నక్షత్రం రోజు పెట్టుకున్నాం, దసరాల్లో అమ్మవారు సరస్వతి అలంకారంలో ఉండే రోజు, పుస్తకాలు ఎలాగూ పూజలో పెడతాం కదా, హార్డ్ డిస్క్ కూడా పెడతాం, సాయంత్రం తీసి చెక్ చేస్తాం. అయిదేళ్ళు దాటిన డిస్కు బానే ఉన్నా కొత్తదానిలోకి మార్చేయండి.

స్కాన్ అయిందని ఒరిజినల్ పారేయొద్దు! శుభ్రమైన తెల్ల కాగితం కవర్లలో, అట్టపెట్టెలో, నేల నుంచి నడుమెత్తు పైన పెట్టండి. అటక మీద వద్దు, రోహిణి కార్తెలో అక్కడ పొయ్యి మీద పెట్టినట్టే ఉంటుంది. బయటి గోడకి ఆనించి కూడా వద్దు, వానల్లో చెమ్మ దిగుతుంది. తాటాకులు మాత్రం రెండు చెక్కల మధ్య, నూలుగుడ్డలో చుట్టి.

అందరికీ పెట్టాలనుకుంటే

బెజవాడ అంటే గ్రంథాలయ ఉద్యమం ఊరు. రామమోహన గ్రంథాలయం 1911లో వచ్చింది, 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు పూనుకొని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఇక్కడే పెట్టించారు. మీ పెట్టెలో పాత నాటకం కరపత్రమో, ఆగిపోయిన పత్రికో ఉంటే అది మీ ఇంటి వస్తువే కాదు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో, వికీమీడియా కామన్స్‌లో, తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా పెట్టొచ్చు.

కాపీరైటు చూసుకోండి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు, తర్వాతి జనవరి 1 నుంచి లెక్క. 1960లో పోయిన రచయిత పుస్తకాలు 2021 జనవరి 1 నుంచి అందరివీ. ఉత్తరాల విషయంలో హక్కు అందుకున్నవాళ్ళది కాదు, రాసినవాళ్ళది. హక్కు ఉన్నా కూడా అన్నీ పెట్టేయొద్దు, అప్పులు, జబ్బులు, ఇంటి గొడవలు ఉన్న ఉత్తరాలు మా దగ్గర ఒక వేరే ఫోల్డర్లో ఉన్నాయి, బతికున్నవాళ్ళు సరే అంటేనే బయటికి.

ఇదంతా అయ్యాక జాబితాని ప్రింట్ తీసి పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టండి, పాస్‌వర్డ్ మర్చిపోయినా, కంప్యూటర్ పోయినా మూత తీసినవాళ్ళకి కాగితం ఉంటుంది. మాది ఇప్పటికి 11 పేజీలు. అందులో 43 ఫోటోల పక్కన పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది, సంక్రాంతికి పెద్ద మేనత్త వస్తానంది, ఆ 43 ఒక కవర్లో విడిగా తీసి పెట్టా.